అమ్మ ముందు అడిగిన ప్రశ్న

వింగ్ లామ్‌కు పొత్తికడుపులో నొప్పి మొదలై మూడు వారాలైంది. ఎందుకో ఆ పిల్లకు తెలుసు. తెలియకేం! "నాకేదో అంటురోగమట, నువ్వూ చూపించుకో" అని ఫోన్లో ఒక్క ముక్క పంపి, తను చాటుగా కలుసుకునే కుర్రాడు మాయమయ్యాడు. మాత్రలు మింగితే పోయే జబ్బే. డాక్టరుతో నిజం ఒక్క మాట చెబితే చాలు.

పద్దెనిమిదేళ్ళు నిండితే మాత్రం, క్యాంప్సీలోని వలస చైనీయుల పేటలో మాక్ వారి పిల్ల ఒంటరిగా డాక్టరు దగ్గరికి వెళ్ళడమా! తల్లి యూక్ హింగ్ వెంటబెట్టుకుని, తమ కాంటనీస్ మాట్లాడే డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళింది. ఆయన భార్యా ఈవిడా ఆదివారాలు మాజాంగ్ బిళ్ళలాట ఆడతారు. ఆ బల్ల దగ్గర ఒకరు తుమ్మితే వీధంతా చిరంజీవ అంటుంది.

"బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడా అమ్మాయ్?" అన్నాడు డాక్టరు, తల్లి ముందే.

"అయ్యయ్యో, పుస్తకం తప్ప దానికి లోకమే తెలీదండీ!" అంది తల్లి. "ఐసు నీళ్ళు తాగొద్దే అంటే వింటేగా. కడుపులో శీతం చేరింది."

డాక్టరు పిల్ల వైపు తిరిగాడు. "అంతేనా?"

వింగ్ లామ్ తల్లి వైపు చూసింది. "అంతేనండీ."

తల్లిని కాసేపు బయట కూర్చోమనడానికి ఆ పెద్దమనిషికి నోరు రాలేదు. ఏం చదువులో, ఏం మొహమాటాలో!

ఇక మూలికల కొట్టు కషాయం. రెండు నెలలు పూటకో గిన్నెడు, తల్లి ఎదురుగా నిలబడి తాగించింది. పిల్ల రోజూ చెబుదామనుకునేది, భయమేసి రోజూ గిన్నె ఖాళీ చేసేది. చివరికి ఒళ్ళు కాలిపోతూ పరీక్ష హాల్లోనే పడిపోయింది.

ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రి డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుంది. "చీము పట్టి రెండు గర్భనాళాలూ పాడైపోయాయి, తీసేయక తప్పలేదు. ఇక మామూలుగా పిల్లలు పుట్టరు" అని మెల్లగా ఇంగ్లీషులో చెప్పింది. "మీ అమ్మగారికి చెప్పడానికి దుబాసీని పిలవనా?"

"వద్దు, నేను చెబుతాను." ఏడేళ్ళప్పటి నుంచీ, కరెంటు ఆఫీసైనా బ్యాంకైనా, తల్లికి దుబాసీ తనే కదా.

"ఏమంటోందే ఆవిడ?" అంది మంచానికి అవతల నిలబడ్డ యూక్ హింగ్.

ఏడుపు ముంచుకొచ్చింది. మింగేసింది. "అపెండిక్స్ అట. తీసేశారట."

"అమ్మయ్య! ప్రాణం లేచొచ్చిందే తల్లీ!" యూక్ హింగ్ కళ్ళు తుడుచుకుని నవ్వింది. "చూస్తూ ఉండు, నీ తొలి పురిటికి పంది కాళ్ళూ అల్లమూ వెనిగర్‌లో ఉడకేసి, కుండెడు నేనే వండి పెడతా. ముందు ఆవిడకి థాంక్స్ చెప్పు. చెప్పవే!"

వింగ్ లామ్ చెప్పింది. డాక్టరమ్మ ఆ తల్లి నవ్వు వంక చూసి, కూతురి వంక చూసి, లేచింది.