పాత జవాబు

ఐర్లండులో బస్సుల కోసం నిలబడేవాళ్ళకు దయ్యాలంటే పెద్ద భయమేమీ ఉండదు. వారానికోసారైనా చూస్తారు. బోర్డు మీద బస్సు రెండు నిమిషాల్లో వస్తోందని ఉంటుంది, తర్వాత ఒక నిమిషమంటుంది, వచ్చేసిందంటుంది, ఆ వెంటనే బోర్డు మీంచి మాయమైపోతుంది. రోడ్డు మాత్రం ఖాళీగానే ఉంటుంది. దాన్ని గోస్ట్ బస్ అంటారు. అని, నాలుగు తిట్లు తిట్టి, మళ్ళీ అక్కడే నిలబడతారు.

ఆ దయ్యాలను వదిలించే ఉద్యోగమే సుధేష్ణది. ఎన్నిస్ అనే ఊళ్ళో ఒక చిన్న ప్రైవేటు బస్సు కంపెనీకి వెబ్ పేజీలు రాస్తుంది, అదీ ఇంట్లో వంటింటి బల్ల ముందు కూర్చుని. ఏ బస్సు ఎక్కడుందో చెప్పే సర్వరు మరీ నత్తనడక నడుస్తోందని, ఈమధ్యే ఒక అసింక్రనస్ క్యాషింగ్ లైబ్రరీ తెచ్చి తగిలించింది. పేరుకు నోరు తిరగదు గానీ అది చేసే పని సులువే. చెప్పాపెట్టకుండా చుట్టాలొస్తే ముందు పొద్దుటి కూరతో వడ్డించేసి, ఈలోగా పొయ్యి మీద వేడిది వండుతాం కదా, అదే పద్ధతి. బస్సెక్కడని ఎవరైనా అడిగితే చేతిలో ఉన్న పాత జవాబు చటుక్కున ఇచ్చేస్తుంది. వెనకాల కొత్త జవాబు కోసం కబురు పంపుతుంది. కొత్తది రాగానే పాతదాన్ని తీసి పారేస్తుంది. మరి కొత్తది రాకపోతే? ఖాళీ పేజీ చూస్తే జనం ఫోన్లు చేసి దులిపేస్తారు కాబట్టి, కొత్తది వచ్చేదాకా పాతదే ఇస్తూ పొమ్మని రాసింది సుధేష్ణ. ఎంత పాతదైనా సరే.

నవంబరులో ఒకరోజు మంచు దిగింది. బడి వదిలే వేళకు ఎదురింటి గేటు కూడా కనిపించడం లేదు. కూతురు హాసిని స్టాపు నుంచి ఫోన్ చేసింది.

"మామ్, ఇట్ స్టిల్ సేస్ టూ మినిట్స్. ఇట్స్ బీన్ ఏజెస్."

హాసినికి పదమూడేళ్ళు, అప్పుడే తల్లిని మించిన పొడుగు. తండ్రి గిరీష్‌కు ఇక్కడి ఆస్పత్రిలో డాక్టరుగా ఉద్యోగం దొరికి జగిత్యాల నుంచి వచ్చినప్పుడు ఐదేళ్ళది. వసపిట్టలా వాగేది. ఇక్కడి బళ్ళో వేశాక తెలుగు ఒక్కొక్క మాటే రాలిపోయింది. ఇప్పుడు చెప్పిందంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషే, అదీ ఇక్కడి క్లేర్ జిల్లా యాసలో. అమ్మా అనడం కూడా మానేసింది. పిల్ల 'మామ్' అని పిలిచినప్పుడల్లా సుధేష్ణకు తానెవరికో మేనమామనైనట్టు ఉంటుంది. పైకి నవ్వేస్తుంది. లోపల మాత్రం ప్రతిసారీ చివుక్కుమంటుంది.

"ఆడ్నే ఉండు బిడ్డా. కనుక్కొని చెప్త."

"గ్రాండ్," అని, సరేననడానికి ఇక్కడివాళ్ళనే మాటే అనేసి పెట్టేసింది హాసిని.

సుధేష్ణ డిపో చూసుకునే హెలెన్‌కు ఫోన్ చేసింది. "ఆ బస్సా? మంచు పట్టగానే ఆపేశాం," అంది హెలెన్. "బండి షెడ్డులో ఉంది. డ్రైవరు నా ఎదురుగానే టీ తాగుతున్నాడు."

బండి ఆపేశారు కాబట్టి కొత్త జవాబు రావడం లేదు, పేజీ మధ్యాహ్నం జవాబునే అందరికీ పంచిపెడుతోంది. స్వయంగా తన చేత్తో తయారు చేసిన దయ్యమన్నమాట. సుధేష్ణ తనను తాను తిట్టుకుంటూ లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. క్యాష్‌ను, అంటే దాచిపెట్టిన పాత జవాబులను, ఖాళీ చేసే మీట ఒక్కటి నొక్కి, కారు తీసుకుని పోయి పిల్లను తెచ్చుకోవాలి. అంతలో వీధి తలుపు తెరుచుకుంది.

వచ్చింది హాసినే. కోటు నిండా తడి, హుడ్ కళ్ళ దాకా దిగి ఉంది.

"బస్సొచ్చిందే అమ్మా," అంది. "ఆకలైతాంది. అన్నం పెట్టవా?"

ఇంత త్వరగా ఎలా వచ్చిందన్న అనుమానం రావలసింది. రాలేదు. ఆ పిలుపు కోసం ఇన్నేళ్ళుగా మొహం వాచిపోయి ఉన్న మనిషికి అనుమానాలెక్కడొస్తాయి? పిల్ల తనను ఆటపట్టిస్తోందేమో అనుకుంది. పట్టిస్తే పట్టించనీ అని కూడా అనుకుంది. గబగబా పప్పుచారన్నం కలిపి కంచం ముందు పెట్టింది.

"బస్సుల మస్తు మందున్నరు," అంది పిల్ల, ముద్ద మింగుతూ. "ఒక్కలు మాట్లాడరు. అందరు కిటికిలకెల్లి బయటికే చూస్తున్నరు."

"ఏం చూస్తున్నరే?"

"వాళ్ళ స్టాపు ఎప్పుడొస్తదా అని."

సుధేష్ణ చేతిలో గరిటె ఆగింది. కోటు ఎడమ చెయ్యి పిల్ల వేళ్ళు దాటి వేలాడుతోంది. బూట్లిప్పిన పాదాలు కుర్చీలోంచి నేలకు అందడం లేదు.

బల్ల మీద ఫోన్ మోగింది. తెర మీద హాసిని పేరు.

"మామ్, ఆర్ యూ కమింగ్ ఆర్ వాట్? అయామ్ ఫ్రోజెన్."

ఎదురుగా ఉన్న పిల్ల నమలడం ఆపి సుధేష్ణ మొహంలోకే చూస్తోంది.

"ఓ, హ్యాంగ్ ఆన్," అంది ఫోన్‌లో హాసిని. "ద బస్ ఈజ్ హియర్."

"ఎక్కకు!" అని అరిచింది సుధేష్ణ. "ఎక్కకు బిడ్డా! అది బస్సు గాదు!"

"వాట్? ఐ కాంట్ హియర్ యూ. ద డోర్స్ ఓపెన్..." మాట గరగరలాడింది. దాని వెనకాల ఇంజను చప్పుడు, మరింకేమీ లేదు. ఒక్క మనిషి దగ్గు కూడా వినబడలేదు.

లాప్‌టాప్‌లో రెండు నిమిషాలన్న చోట ఇప్పుడు 'స్టాపులో ఉంది' అని ఉంది. కొత్త జవాబేదీ రాలేదు. పాత జవాబే తనంతట తాను కదులుతోంది. ఆ జవాబు ఉన్నంతసేపూ ఆ బస్సు ఉంటుంది. అది రాసిన చేతికి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. సుధేష్ణ వేలు మీట మీదికి వెళ్ళింది.

"ఒద్దే అమ్మా," అంది పిల్ల. ముద్ద చేతిలోనే ఉంది. "నేను నీతోని మంచిగ మాట్లాడుత. అమ్మా అనే పిలుస్త. ఆమె పిలుస్తదా?"

ఇదీ సుధేష్ణ కన్నదే, ఐదేళ్ళనాటి హాసిని. ఈ మాటల కోసమే ఎన్ని రాత్రులు పాత వీడియోలు పెట్టుకుని ఏడ్చిందో తనకే తెలుసు. ఫోన్‌లో మాత్రం పొడుగు కాళ్ళ పిల్ల ఒకతె, ఎముకలు కొరికే చలిలో, బస్సు మెట్టు మీదికి కాలెత్తుతోంది.

"నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా," అని మీట నొక్కింది.

పేజీ తెల్లబోయింది. ఫోన్‌లో ఇంజను చప్పుడు కత్తిరించినట్టు ఆగింది.

"మామ్? ఇట్స్ గాన్. ఇట్ వాజ్ రైట్ హియర్." అంది ఫోన్‌లో హాసిని.

"వస్తున్న. కదలకు. అయిదు నిమిషాల్ల ఆడుంట."

కారు తాళాలు తీసుకుంది గానీ కుర్చీ వైపు చూడడానికి ధైర్యం చాల్లేదు. స్టాపులో హాసిని ఒక్కతే నిలబడి ఉంది. సుధేష్ణ దిగుతూనే దాన్ని వాటేసుకుని భోరుమంది. పిల్ల సిగ్గుతో చచ్చిపోయి, ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూసింది. మంచు తప్ప ఎవరూ లేరు.

ఇంటికొచ్చాక వంటింట్లో హీటరు దగ్గర చేతులు కాచుకుంటూ హాసిని బల్ల వైపు చూసింది. కంచంలో సగం అన్నం, దాని మీద బుల్లి బుల్లి వేళ్ళ గుర్తులు.

"హూజ్ ఈజ్ దట్?"

"నీదే," అంది సుధేష్ణ.

హాసిని మొహం చిట్లించి, తల్లికి మతి పోయిందనుకుని మేడ మీదికి వెళ్ళిపోయింది. సుధేష్ణ ఆ ఖాళీ కుర్చీలో కూర్చుని కంచం ముందుకు లాక్కుంది. అన్నం చల్లారిపోయింది. ఒక్క మెతుకు కూడా వదలకుండా ఆ ఎంగిలంతా తినేసింది.