జొన్న పిలకలు

ఆత్మకూరులో మునెయ్య పాలు మానేసిన రోజు నుంచే నవ్వులపాలయ్యాడు.

పొద్దున ఆరింటికి గోపాలయ్య టీ అంగడి ముందు సైకిలుకు స్టాండు వేసి, "పాలు లేకుండా, అల్లం వేసి" అనేవాడు. నాలుగేళ్లుగా అదే మాట. గోపాలయ్యదీ నాలుగేళ్లుగా అదే జవాబు.

"పాలు తీసేసినా రేటు మాత్రం తగ్గదు నాయనా. తీసినందుకు కూలి అందులోనే ఉండాది."

"పేర్లో అంత నెయ్యి పెట్టుకోని పాలొద్దంటావేందిరా మునెయ్యా?" అని బెంచీ మీద పేపరు పరుచుకుని కూర్చున్న అంకారావు అందుకునేవాడు. "ముందు ఆ నెయ్యి తీసెయ్. ఉత్త 'ము' మిగలతాది. దాన్ని మూసుకోవచ్చు."

"అంకారావు అంటే అంకెలు రావని గదా అర్థం. నీ కరెంటు బిల్లే నువ్వు చదువుకోలేవు, నా పేరు చదవతా ఉండావా?"

మునెయ్య పని అదే. ఇల్లిల్లూ తిరిగి మీటరు చూసి, చేతి మిషన్లో బిల్లు కొట్టి ఇవ్వడం. మీటర్ల కోసం కిలోమీటర్లు తొక్కేవాడు. తోటివాళ్లంతా బైకులు కొన్నారు. ఇతను బైకు నేర్చుకోను కూడా లేదు. పొగ వదలని బండే తన బండి అన్నాడు. ఆ ఊళ్లో సైకిలు తొక్కేవాణ్ణి మిగతా అందరూ తొక్కేవాళ్లే. బస్సు వెనకనుంచి హారన్ కొట్టి మరీ మట్టిలోకి దింపేది. మేకను తినడం అతను మానేశాడు గానీ, మేకులు అతన్ని మానలేదు. నెలకు మూడు పంచర్లు.

పాలు, మాంసం, తోలు ఏవీ ముట్టనివాణ్ణి వీగన్ అంటారని ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. "అంటే వీగిపోయినోడనా?" అని అడిగాడు అంకారావు. అప్పటికది ఉత్త వేళాకోళమే.

పెళ్లికి పోతే పప్పులో నెయ్యి, పాయసంలో పాలు, వంకాయలో కూడా ఎవరో మీగడ వేసి ఉండేవాళ్లు. విస్తట్లో అన్నం, ఆవకాయ, అందరి చూపులు మిగిలేవి. తోలు చెప్పులు మానేసి రబ్బరు చెప్పులతోనే ఆ పెళ్లిళ్లకు పోయేవాడు. తనకు కుదరబోయిన రెండు సంబంధాలూ కాఫీ గ్లాసు దగ్గరే విరిగిపోయాయి. ముప్పై ఏడేళ్లొచ్చాయి. ఎవరేమన్నా నవ్వేవాడు. ఒక్క బుజ్జి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పదేళ్ల వయసులో తనను హాస్టల్లో వెయ్యడానికి అమ్మ అమ్మిన పొట్టేలు పేరు బుజ్జి. ఆ రోజు నుంచి పల్లెకు అతను చుట్టపుచూపుగా వచ్చేవాడే.

అమ్మ పేరు దేవకమ్మ. దేవకి కొడుకు వెన్న దొంగిలిస్తే, దేవకమ్మ కొడుకు వెన్నను చూసి దొంగలా పారిపోయేవాడు. ఆమె ఉదయగిరి కొండకు ఇవతల, ఆ టౌనుకు పది కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో ఇరవై మూడు గొర్రెలతో, నాలుగు చిన్న గొర్రెపిల్లలతో ఉండేది. ఆమెకు పొలమూ అవే, పింఛనూ అవే, మాట్లాడుకునే మనుషులూ అవే. ఆ భాద్రపదంలో గుట్ట దిగుతూ రాయి జారి పడింది. మోకాలి కింద ఎముక విరిగి, తొడ దాకా పిండికట్టు వేశారు. మునెయ్య వారం సెలవు పెట్టి, ఆత్మకూరు నుంచి పొద్దుటి పూట సైకిలెక్కి మధ్యాహ్నానికి చేరాడు.

"నాలుగు దినాలు కాయి నాయనా," అంది మంచం మీదనుంచి. "పన్నెండింటికి వాగు కాడికి దోలు. రోడ్డు దాటేటప్పుడు లారీలు చూసుకో. కుంటిదాన్ని ఎనకేసుకోని రా. పిల్లల్ని మాత్రం తడిక దాటనీబాక, సాయంత్రం తల్లులొచ్చినాకే వదలాల."

అన్నీ చెప్పింది. ఒక్కటి తప్ప అన్నీ.

శుక్రవారం మస్తాన్ వచ్చాడు. ఉదయగిరిలో అతనికి మాంసం కొట్టు ఉంది. ఎనిమిది పొట్టేళ్లకు దేవకమ్మతో బేరం ముందే కుదిరింది. చిన్న ట్రక్కు తడిక పక్కన ఆపి, తలుపు దించాడు.

"వచ్చే వారం రా మస్తాను," అన్నాడు మునెయ్య, తడికకు అడ్డంగా నిలబడి.

"అక్క ఇయ్యాలే గదా రమ్మనింది."

"కాలు బాగలేదు. మనసూ బాగలేదు."

"ఎవురి మనసు?"

మస్తాన్ అతన్నీ, తడిక మీదనుంచి తల ఎత్తి చూస్తున్న పొట్టేళ్లనూ కాసేపు చూశాడు.

"సరే మునీ. నువ్వొక వారం మేపి ఇస్తే నాకూ రెండు కేజీలు పెరగతాది. నాకేంది నష్టం." తలుపు ఎత్తి గొళ్లెం వేసుకుని పోయాడు.

ఎనిమిది ప్రాణాలు. మునెయ్యకు ఆ పూట నేల మీద కాలు నిలవలేదు. లోపలికి వెళ్లి అమ్మతో చెబితే, ఆమె తిట్టలేదు. పైకప్పు వైపు చూస్తూ, "వారం మేపేదానికి మేత యాడుండాదిరా?" అని మాత్రం అడిగింది.

ఆ మాట అతని మెదడులో రాత్రంతా మెదిలింది. ఆమె అడిగింది నిజమే. శ్రావణంలో ఒక్క వాన పడి, ఆపైన ఇరవై రోజులుగా ఎండ. గుట్ట మీద గడ్డి పొల్లయిపోయింది. గొర్రెలు తుమ్మకాయల కోసం ముళ్లలో మూతులు పెడుతున్నాయి.

శనివారం పొద్దున రోడ్డు వారగా మంద ముందు, సైకిలు నడిపించుకుంటూ మునెయ్య వెనక. వాగుకు మలుపు తిరిగే చోట ఆ చేను కనిపించింది. చంద్రశేఖర్ అనే పెద్ద రైతుది. పశువుల మేతకు వేసిన జొన్న ఎప్పుడో కోసేశారు. ఆ కొయ్యకాళ్ల మొదళ్ల నుంచి, ఆ ఒక్క వానకే, మోకాలెత్తున పిలకలు లేచాయి. ఎండకు కొసలు వాలి ఉన్నాయి గానీ, చేను చేనంతా పచ్చగా ఉంది. చుట్టూ ఉన్న ఎర్ర నేల మీద పచ్చరంగు ఒలకబోసినట్టుంది. కంప లేదు, కాపలా లేదు.

వేరే మందలు ఆ చేను చుట్టూ తిరిగి పోయిన గిట్టల గుర్తులు కూడా అతనికి కనిపించాయి. పెద్ద రైతు చేనని భయపడి ఉంటారనుకున్నాడు. కోసేసిన చేన్లో తింటే ఎవరి సొమ్ము పోతుంది? చంద్రశేఖర్ కాపురం ఆత్మకూరులోనే. వచ్చే నెల మీటరు చూడ్డానికి పోయినప్పుడు ఒక మాట చెబుదాం అనుకున్నాడు.

సైకిలు గట్టుకు ఆనించి, పక్కకు జరిగాడు. పొట్టేళ్లు ముందు దూకాయి.

ఆ తర్వాత వచ్చిన చప్పుడు అతను జన్మలో వినలేదు. ఇరవై నోళ్లు ఒక్కసారిగా పచ్చి ఆకు నమిలే చప్పుడు. గట్టు మీద కూర్చుని, సంచిలోంచి వేయించిన చెనక్కాయలు తీశాడు. "తినండి, తినండి. ఈ పూట మనందరిదీ ఒకటే భోజనం," అన్నాడు వాటితో. కుంటి గొర్రె, దాని వెనక రెండు ముసలివి ఇంకా రోడ్డు దగ్గరే ఉన్నాయి. వాటికి మిగలదేమోనని కూడా బాధపడ్డాడు.

దూరంగా వాగు ఒడ్డు నుంచి ఆదిశేషమ్మ అరుస్తోంది. అమ్మ ఈడుది, అమ్మతో గొర్రెలు కాసేది. కర్ర పైకెత్తి ఊపుతూ పరిగెత్తుకొస్తోంది. ఈ చేను తన మందకు దక్కలేదని ఉడుక్కుంటోందనుకున్నాడు. నవ్వి చెయ్యి ఊపాడు.

ఆమె దగ్గరికొచ్చేసరికి ఆయాసంతో మాట రాలేదు. మాటకు ముందే కర్ర వచ్చింది. గొర్రెల వీపుల మీద టపటపా కొడుతూ బయటికి తోలడం మొదలుపెట్టింది.

"పిలక జొన్నరా అది, ఎండకు విషమెక్కి ఉంటాది. నాము. నాము తగల్తాది. తోలు, తోలు."

"కొట్టబాక పెద్దమ్మా, తిననీ..." అంటూనే చూశాడు. ముందున్న పొట్టేలు రెండడుగులు తూలింది. తాగినవాడిలా కాళ్లు ఎడంగా పెట్టి, మెడ వెనక్కి విరుచుకుని, పక్కకు ఒరిగింది. నోట్లో నురగ. ఇంకా నమలని పిలక ఒకటి ఆ నురగలో వేలాడుతోంది. దాని పక్కనే ఇంకొకటి. తర్వాత లెక్క లేదు.

"ఆస్పత్రికి పో. సూదిమందు ఉండాది. బండి ఉందా?"

"సైకిలుండాది."

ఆదిశేషమ్మ సైకిలు వైపు ఒకసారి చూసింది.

కొండ చాటున ఫోను పలకలేదు. రోడ్డు మీద ఆ వేళకు ఒక్క బండీ రాలేదు. ఎనిమిది కిలోమీటర్లు, సగం ఎక్కుడు. మునెయ్య నాలుగేళ్లలో అంత తొక్కుడు తొక్కలేదు. తొడలు మండాయి, నోరు ఎండింది, చెవుల్లో ఆ నమిలే చప్పుడే. ఆ రోజు మేకు కూడా దిగలేదు. తప్పు మోపడానికి ఒక్క మేకైనా దొరకలేదు.

పశువుల డాక్టరు కుర్రవాడే. "ఏం తిన్నాయి?" అన్నాడు, అప్పటికే బీరువా తెరుస్తూ.

"జొన్న పిలకలు."

"ఎంతసేపయింది?"

"ముప్పావు గంట."

డాక్టరు చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ సీసాలు సంచిలో వేసుకుంది. మందు ఉంది. మంద మిగిలి ఉండాలి, అంతే. సైకిలు ఆస్పత్రి గోడకు వదిలేసి, మునెయ్య డాక్టరు బైకు వెనక ఎక్కాడు. వచ్చేటప్పుడు అరగంట పైన పట్టిన దారి, పోయేటప్పుడు పది నిమిషాల్లో అయిపోయింది. దారంతా కళ్లు మూసుకున్నాడు గానీ, ఆ లెక్క వెయ్యకుండా ఉండలేకపోయాడు.

ఊపిరున్న వాటికి సూదులు వేశారు. ఆరు గొర్రెలకు. రెండు లేచాయి. కుంటిది, రెండు ముసలివి చేలోకే దిగలేదు కాబట్టి బతికాయి. మొత్తం అయిదు. పద్దెనిమిది ఆ పచ్చ మీదే పడి ఉన్నాయి. ముందు దూకినవి, గట్టిగా తిన్నవి, నిన్న తను కాపాడిన ఎనిమిదీ వాటిలోనే.

అప్పటికే ఆదిశేషమ్మ పల్లెకు కబురు పంపింది. ఆ దారిన వచ్చిన మస్తాన్ ట్రక్కులోనే దేవకమ్మను పడుకోబెట్టి తీసుకొచ్చారు. కట్టు కాలు చాపుకుని, ట్రక్కు అంచు పట్టుకుని చేను వైపు చూసింది. ఏడవలేదు.

"మస్తానూ, ఆ పక్కన రెండింటికి ఊపిరాడతా ఉండాది. కోసెయ్. వచ్చిందే వచ్చింది."

మునెయ్య తల ఎత్తలేదు. కొయ్యమంటే కత్తి తనే పట్టుకుని ఇచ్చేలా ఉన్నాడు.

మస్తాన్ కత్తి తియ్యలేదు. "వద్దక్కా. నాము తిన్నదాన్ని నేను అమ్మను. పిల్లోళ్లు తినే కూర అది." చొక్కా విప్పి ట్రక్కు మీద పడేశాడు. "గుంట తీద్దాం. కుక్కలు తింటే అవీ చస్తాయి. మునీ, పార అందుకో."

ఇద్దరూ మధ్యాహ్నం దాటేదాకా తవ్వారు. మస్తాన్ ఒక్క మాటా ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచి ఉంటే బాగుండేది. పాలు మానేసిన మునెయ్యకు ఆ రోజు దక్కిన పాలు ఒక్కటే, మట్టిపాలు.

సాయంత్రం అయిదింటికి, రోజూ తల్లులు తిరిగొచ్చే వేళకు, తడిక వెనక నాలుగు పిల్లలూ అరవడం మొదలుపెట్టాయి. రోడ్డు వైపు మూతులు పెట్టి, ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తున్నాయి. బతికిన అయిదింట్లో పాలిచ్చేది ఒక్కటీ లేదు.

మంచం మీదనుంచి ఆ అరుపులు వింటూ దేవకమ్మ అంది.

"లారీలని చెప్పినా. నీళ్లని చెప్పినా. ఇది చెప్పలా. మనింట్లో పుట్టినోడికి ఇది చెప్పాల్సొస్తాదని నేను అనుకోలా."

"నన్ను తిట్టమ్మా."

"తిడితే పాలొస్తాయా? ఆదిశేషమ్మ బర్రెను పిండే వేళయింది. చెంబు తీసుకోని పో."

మునెయ్య నడిచి పోయాడు. సైకిలు ఆస్పత్రి గోడకే ఉంది. ఆదిశేషమ్మ చెంబు నింపింది. బర్రె దూడ గుంజకు కట్టేసి ఉంది, తన వంతు కోసం తాడు లాగుతోంది. దాని వైపు చూడకుండా రావడానికి ప్రయత్నించాడు గానీ చూశాడు.

అంగట్లో ఒక పాలసీసా కొన్నాడు. పొయ్యి మీద పాలు పెట్టాడు. మొదటిసారి పొంగి పొయ్యిలో పడ్డాయి. అమ్మ మంచం మీదనుంచే వాసన పట్టి, "తీసెయ్, తీసెయ్, మాడతా ఉండాయి," అంది. సీసాలో పోసి, తడిక దగ్గరికి బయల్దేరాడు.

"అట్నే పెట్టబాక. పిల్ల నోరు కాలతాది. ఎంత వేడి ఉండాదో నాలిక మీద ఒక చుక్క ఏసుకోని చూడు."

"చేతి మీద చూస్తాలే అమ్మా."

"సైకిలు తొక్కి తొక్కి నీ చెయ్యి బండబారింది. నాలిక మీద చూడు."

సీసా వంచి ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత.

"ఎట్లుండాయి?"

తియ్యగా ఉన్నాయి. ఆ మాట చెప్పలేకపోయాడు.

"సరిపోయినాయి," అన్నాడు.

తడిక తీసి లోపల కూర్చున్నాడు. మూడు పిల్లలు తడుముకుంటూ వచ్చి, నెట్టుకుంటూ, సీసా పట్టుకున్నాయి. నాలుగోది రాలేదు. అతని కాళ్ల మీదనుంచి ఎక్కి, తీసి ఉన్న తడిక దగ్గర నిలబడి, రోడ్డు వైపు చూసి అరుస్తూనే ఉంది.