నాన్నవైపు సగం

భర్త చొక్కాలు ఇస్త్రీ చేసి, అత్తగారికి మందులిచ్చి, అంట్లు తోమి, ఊపిరి పీల్చుకునే తీరికైనా లేకుండా ఆసుపత్రికొచ్చి కూర్చుందామె. ఇక్కడ ఆమె పని మాట్లాడటం. వంశంలో క్యాన్సర్ ఉన్న ఆడవాళ్లకు జన్యుపరీక్ష ఎందుకో వివరించడం, ఫలితం వచ్చాక ధైర్యం చెప్పడం. ఎవరొచ్చినా అమ్మమ్మ, పిన్ని అంటూ తల్లివైపే చెప్పుకుపోతారు. "నాన్నగారివైపు కూడా చెప్పండమ్మా, సగం అటునుంచే వస్తుంది" అంటుంది రోజూ. ఎంత ధీమాగా అంటుందో!

ఆవేళ బట్టలు కుట్టే ఆవిడొకరు ఫలితం కోసం వచ్చారు. జన్యువులో లోపం ఉందని తేలింది.

"మా అమ్మాయికి ఎలా చెప్పనమ్మా? రేపు దాన్ని ఎవరైనా ఒక మాటంటే?"

"దాస్తేనే ప్రమాదం. ముందే తెలిస్తే జాగ్రత్తపడొచ్చు. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు."

"మీ ఇంట్లో ఎవరికైనా ఉందా మేడమ్?"

"లేదు" అనేసింది, తడుముకోకుండా.

"అదృష్టవంతులు" అందావిడ. వెటకారమేం లేదు, మనసారానే అంది. ఈమెకు చెంప ఛెళ్లుమన్నట్టయింది.

ఎందుకు లేదు? ఆడపడుచుకి రొమ్ము క్యాన్సర్ వచ్చి, పరీక్షలో ఇలాంటి లోపమే బయటపడి ఏడాది దాటింది. "అన్నయ్యకి చెప్పు వదినా, మీకూ ఆడపిల్లుంది" అని ఆ పిల్ల ఆసుపత్రి మంచం మీంచే చెప్పింది. భర్తకి చెబితే, "నాకు రొమ్ము జబ్బు పరీక్షేంటి? నలుగురూ నవ్విపోతారు. నీ ఉద్యోగం గుమ్మం బయట వదిలేసి రా" అన్నాడు. "మా వంశంలో ఇలాంటివి లేవు. అత్తారింటి తిండే దాని కొంప ముంచింది" అని అత్తగారు తేల్చేశారు. ఈమె కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూసుకుంటూ నిలబడింది. ముక్కూమొహం తెలియని ఆడవాళ్లకు ధైర్యం నూరిపోసే మనిషి, వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న కన్నకూతురికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఇంట్లో గొడవెందుకులే అనుకుంది. ఎంత చవకబారు కారణం. తనమీద తనకే అసహ్యం వేసింది.

"కాసేపు కూర్చోండి" అంది, లేవబోతున్నావిడతో. "మీకు అబద్ధం చెప్పాను. మా ఆడపడుచుకి ఉంది. మా అమ్మాయికి నేనింకా చెప్పలేదు."

ఆవిడ తేరిపార చూసింది. "మరి నన్నెలా చెప్పమన్నారమ్మా?"

ఈమె ఆవిడ ముందే, తలెత్తకుండానే కూతురికి ఫోన్ చేసింది. మేనత్త సంగతి, పరీక్ష సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది.

"నాన్నకి తెలుసా?" అంది కూతురు.

"తెలుసు. వద్దన్నారు. నేను నోరు మూసుకున్నాను. ఒళ్లు నీది తల్లీ, ఆయన్ని అడగక్కర్లేదు."