ఎర్రరంగులో అమ్మ

నాన్న కొట్ల మీద పేర్లు రాసే మనిషి. దారిన పోయేవాడు నడక ఆపకుండా చదవగలిగితేనే అది రాత, లేకపోతే రంగు దండగ అన్నది ఆయన సిద్ధాంతం. ఆయన దగ్గరే కుంచె పట్టడం నేర్చుకున్న కూతురు, పెద్దయ్యాక తలా తోకా లేని బొమ్మలు మొదలుపెట్టింది. చూసినది కాదు, విన్నది వేస్తుంది. కళ్ళు మూసుకుని, ఆ చప్పుడు ఏ రంగులో ఉందో తేలేదాకా కుంచె ముట్టదు. వేశాక అర్థం మాత్రం చచ్చినా చెప్పదు.

"ఇందులో ఏం రాశావే?" అనేవాడు నాన్న. ఆమె నవ్వి ఊరుకుంటే, రెప్పపాటులో తల తిప్పుకునేవాడు.

"అర్థం కాకపోతే నోరు మూసుకుని బాగుందనచ్చుగా," అనేది అమ్మ.

ఎవరెంత మెచ్చుకున్నా, నాన్న అలా తల తిప్పుకోవడం ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. తన బొమ్మ ముందు ఆయన ఒక్కసారి నిలబడితే చాలనుకునేది.

మొదటి ప్రదర్శనకు ఇద్దరూ వచ్చారు. ఎదురుగోడ మీద పెద్ద బొమ్మ, ఎరుపు మీద నారింజ, మధ్యలో పసుపు చిటపటలు. అది అమ్మ కోపం, వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేసే చప్పుడు. ఆ సంగతి అమ్మకు తెలిస్తే కొంప మునుగుతుంది.

ఫ్రేములు కట్టే ఆయన బొమ్మ వంకర సరిచేస్తూ, "కార్చిచ్చు బాగా వేశారమ్మా," అన్నాడు.

"కార్చిచ్చేంటయ్యా," అన్నాడు వెనక నుంచి నాన్న. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. "అది మా ఆవిడ నవ్వు."

"నవ్వు అంత ఎర్రగా ఉంటుందా?"

"నువ్వు చూళ్ళేదు గనక. ముందు నామీద గయ్యిమంటుంది. తిట్టీ తిట్టీ మధ్యలో తనకే నవ్వొచ్చేస్తుంది. అదిగో, ఆ పసుపు దగ్గర మొదలైంది."

"చాల్లెండి, నలుగురిలో..." అని గయ్యిమనబోయిన అమ్మ ఫక్కున నవ్వేసింది.

కూతురు బొమ్మకేసి చూసింది. ఆ పసుపు ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు, చెయ్యి పెట్టమంది, పెట్టింది. ఇప్పుడు చూస్తే నవ్వే. చిన్నప్పటి నుంచీ వింటున్నా, అందులో కోపం ఒక్కటే ఉందనుకుంది. పట్టరాని సంతోషం వచ్చింది ఆమెకు. మొదటిసారి తన నియమం తానే తప్పి, ఉన్నదంతా చెప్పేద్దామనిపించింది.

"నాన్నా, నిజానికి అది..."

"నువ్వాగవే," అన్నాడు నాన్న బొమ్మ మీంచి చూపు తిప్పకుండా. "అడ్డం రాకు. చూస్తున్నాను."