గుర్వయ్య ఆపిన కత్తి

ఎడమ చేతికి తోలుపట్టీ చుట్టుకుని గుర్వయ్య కత్తి నూరుతున్నాడు. పొద్దుటి నుంచి రెండు వరిబీజాల కేసులకు, ఒక పేగు కేసుకు గొరిగాడు. పదకొండేళ్లుగా దవాఖానలో అతని పని ఇంతే, డాక్టరు కోయబోయే చోటును నున్నగా చేయడం.

నాలుగో మంచం మీద బక్కమ్మ గురక పెడుతోంది. హాలియా దగ్గర కాల్వ పనిలో మట్టి మోస్తూ, కట్ట మీంచి జారి, బండకు తల కొట్టుకుంది. లేచి కూర్చుని నీళ్లు తాగిందట, నవ్విందట. మధ్యాహ్నానికి మత్తులో పడింది. పుర్రె లోపల నెత్తురు గూడు కట్టిందని, బెజ్జం వేసి తీయాలని, వెంటనే తల గొరగమని చెప్పి డాక్టరు లోపలికి వెళ్లాడు.

గుర్వయ్య కత్తెర పెట్టబోతే బక్కమ్మ అత్త నర్సింగమ్మ అడ్డం పడింది.

"మొగడు బతికుండంగ ఆడిదాని నెత్తి గొరుగుతవా? నా కొడుకు సూది మందుకు బజారుకు పోయిండు. వాడు రానీ."

గుర్వయ్య చెయ్యి ఆగింది. చిన్నప్పుడు బాపు వెంట ఒక పంతులు ఇంటికి పోయి, మొగుడు పోయిన పదహారేళ్ల పిల్లకు బాపు గుండు గొరుగుతుంటే తల కదలకుండా పట్టుకున్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. రాలుతున్న వెంట్రుకలను ఒళ్లో పోగుచేసుకుంది. అప్పటి నుంచి అతను ఆడవాళ్ల తల జోలికి పోలేదు.

"అయిందా గుర్వయ్యా?" తలుపు దగ్గర నుంచి నర్సు అడిగింది.

"అయితాంది సిస్టరమ్మ."

రెండోసారి అడిగినా అదే చెప్పాడు. కత్తికి ఇంకా తడి తగల్లేదు. అరగంట గడిచింది. గురక దూరం దూరంగా వస్తోంది.

బక్కమ్మ మొగుడు మల్లన్న సూది మందుతో పరుగున వచ్చాడు. సంగతి విని తల్లిని పక్కకు జరిపాడు.

"నెత్తిదేమున్నది కాకా, మల్ల మొలుస్తది. గిందుకా ఆగినవ్? జల్ది తియ్."

పది నిమిషాల్లో, ఒక్క గాటు పడకుండా తల నున్నగా అయింది.

ఆపరేషన్ గదిలో మనుషులు తక్కువ. తల కదలకుండా పట్టుకున్నది గుర్వయ్యే. డాక్టరు బెజ్జం వేసే చేతి బరమా తిప్పుతుంటే ఆ వణుకు అతని అరచేతుల్లోకి దిగింది. ఎముక పొడి తెల్లగా రాలింది. బెజ్జంలోంచి నేరేడు గుజ్జులాంటి నల్లని గడ్డ ఊరింది. డాక్టరు ఆమె కనురెప్ప ఎత్తి చూశాడు.

"ఒక్క అరగంట ముందైతే..." అన్నాడు.

ఎందుకు ఆలస్యమైందని ఎవరూ అడగలేదు. అడుగుతారని గుర్వయ్య చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

దీపాలు పెట్టే వేళకు బక్కమ్మ ఊపిరి ఆగింది.

శవాన్ని బండెక్కించేటప్పుడు మల్లన్న అతని వైపు చూడలేదు. నర్సింగమ్మే వెనక్కి వచ్చి అతని చేతులు పట్టుకుంది.

"నువ్వొక్కనివే నా మాట ఇన్నవయ్యా. సల్లగుండు."

గుర్వయ్య చేతులు వెనక్కి తీసుకున్నాడు. బండి చప్పుడు వినబడకుండా పోయాక లోపలికి వచ్చి, నాలుగో మంచం కింద ఊడవడానికి వంగాడు. పాత చీరపేలికతో గుండ్రంగా చుట్టిన సుట్టబట్ట, బక్కమ్మ నెత్తి మీద మట్టితట్ట కింద పెట్టుకునేది, అక్కడ పడి ఉంది. నడుమ ఒక నెత్తి ఆనినంత పల్లం, ఇంకా చెమటతో తడిగా.