పలుపు

సుందరమూర్తి అద్దం ముందు నిలబడి ఐడీ కార్డు తాడును తలమీదుగా దించుకుని కాలరు కిందికి సర్దుకున్నాడు. ఒకప్పుడది ముదురు నీలం. ఉతికి ఉతికి వెలిసిపోయింది. మెడ రాసుకునే చోట మాత్రం నూనె దిగి నల్లగా నిగనిగలాడుతోంది. దానిమీద నేసిన కంపెనీ పేరులో సగం అక్షరాలు ఊడిపోయాయి. కొత్తది ఇస్తామని ఎన్నోసార్లు అన్నారు. అతను తీసుకోలేదు. అలవాటు పడ్డ తాడు మెడను కోయదు.

"ఇయాల కూడా అది తగిలించుకునే పోవాల్నా?" వాకిట్లో కూర్చుని మునగాకు దూస్తున్న తల్లి చిన్నమ్మాళ్ తలెత్తకుండానే అడిగింది.

"సాయంత్రం దాకా ఉద్యోగమేమ్మా. అది లేకుంటే గేటులోకి విడవరు."

"ఆ పరదేశం పిల్లకి అంతా నేర్పించేస్తివా?"

"ఇయాలతో సరి."

చిన్నమ్మాళ్ కాడను పక్కకు విసిరి ఇప్పుడు తలెత్తింది. "అంతా అంటే అంతానా? మీ నాయన మిగిలిన కడాసి జత ఎద్దుల్ని అమ్మినప్పుడు పలుపులు ఇచ్చినాడా? కొన్నోడు కొత్త తాళ్లు తెచ్చుకుని కట్టుకుని పోయినాడు. ఎద్దు పోయినా పలుపు ఇంట్లోనే ఉండాల సామీ. ఉంటేనే ఇంగొకటి వస్తాది."

"వచ్చిందా మరి?"

"నువ్వు కంప్యూటరు తెస్తివి. దాన్ని యాడ కట్టేది?"

ఇద్దరూ నవ్వారు. ఆమె ముందు ఆపేసింది.

ఎద్దుల కొట్టంలో ఇప్పుడు అతని మోటారు బండి ఉంటుంది. బండి బయటికి తీసేటప్పుడు చూరుకింది కొక్కేనికి వేలాడే ఆ రెండు పలుపులూ రోజూ తలకు తగులుతాయి. రోజూ తల వంచి తప్పుకుంటాడు. ఈరోజు ఒక్క క్షణం ఆగి ఒకదాన్ని వేళ్లతో తడిమాడు. నార బిరుసెక్కింది. మెడ పట్టిన చోట మాత్రం ఇంకా నున్నగానే ఉంది.

అన్నూరు రోడ్డు మీద జొన్నచేలు దాటి, ప్లాట్లుగా కొలిచి తెల్లరాళ్లు పాతిన బీడు దాటి, మోటారు పంపులు చేసే షెడ్ల పక్కగా కోయంబత్తూరు అంచున శరవణంపట్టిలో ఉన్న ఆఫీసు చేరడానికి పెద్దగా సేపు పట్టదు. ఈ దోవన పోతూనే అతని జుట్టు నెరిసింది.

అతని పని బయటివాళ్లకు చెప్పేందుకు చిన్నదే. కిడ్నీలు చెడిపోయినవాళ్లు ఇంట్లోనే ఎక్కించుకునే మందునీళ్ల సంచులను అమెరికాలో ఒక కంపెనీ ఇంటింటికీ చేరుస్తుంది. ఏ లారీ ఏ రోజు ఏ ఇంటికి పోవాలో చెప్పే ప్రోగ్రాము ఒకటుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండటం సుందరమూర్తి పని. ఒకప్పుడు ఆ పని అమెరికాలోనే ఉండేది. అక్కడికంటే చవక అని కోయంబత్తూరు వచ్చింది. ఇక్కడికంటే చవక అని ఇప్పుడు ఫిలిప్పీన్స్‌లో సెబూ అనే ఊరికి పోతోంది. వారాల తరబడి, మారిసెల్ అనే అమ్మాయికి తెరమీద ఒక్కొక్కటీ విప్పి చూపిస్తున్నాడు. ఆఫీసులో దీన్ని కేటీ అంటారు. కేటీ అయిపోతే చెప్పేవాడితో పని ఉండదు.

టీ కొట్టు దగ్గర వసంతకుమార్ ముందే ఉన్నాడు. కంబం వైపు తెలుగింటి కుర్రాడు, నిన్నమొన్నటి దాకా ఇదే ప్రాజెక్టు. వయసు తక్కువ కాబట్టి వేరేచోట సర్దారు. చుట్టూ అరవం మాట్లాడేవాళ్లే. రహస్యం అనుకున్నది ఏదైనా వీళ్లిద్దరూ ఇంటి తెలుగులోకి దిగి మాట్లాడుకుంటారు.

"నిన్నటి ఇంటర్వ్యూ ఏమైందన్నా?"

"అడిగిన పిల్లోడు మా పాప గోపిక ఈడువాడు. సార్ సార్ అని శానా మర్యాదగా మాట్లాడినాడు. మీ అనుభవానికి తగిన చోటు మా దగ్గర లేదన్నాడు."

"మర్యాద చేసినారంటే ఉద్యోగం లేదని తెలుసుకో." వసంతకుమార్ గ్లాసు కింద పెట్టి గొంతు తగ్గించాడు. "ఆ నెలాఖరు సంగతి ఆ పిల్లకి చెప్పినావా?"

"ఇంగా లేదు."

"చెప్పొద్దు. నోరు మూసుకుని వచ్చేయ్."

నెలాఖరు సంగతి ఇప్పుడు వీళ్లిద్దరికి తప్ప ఎవరికీ గుర్తులేదు. సంచులు చేర్చాల్సిన రోజు సెలవైతే ప్రోగ్రాము దాన్ని మర్నాటికి జరుపుతుంది. ఆ జరపడంలో నెల మారితే మాత్రం ఆ ఇల్లు జాబితాలోంచి చప్పుడు లేకుండా జారిపోతుంది. ఎప్పుడో బాగు చేస్తామంటే అప్పటి అమెరికావాళ్లు ఒప్పుకోలేదు, నడుస్తున్నదాన్ని కెలకొద్దన్నారు. అందుకని ప్రతి నెలాఖరునా సుందరమూర్తి ఇంటికి పోయేముందు, జారిన ఇళ్లను కంటితో వెతికి చేత్తో తిరిగి పెడతాడు.

"రెండు నెలలు పోనీ అన్నా. సంచులు అందలేదని ఆడ గోల లేస్తాది. దిక్కు తోచక నీకే ఫోను చేస్తారు. అప్పుడు నువ్వు చెప్పిందే చట్టం."

"ఆ గోల ఎవురింట్లో లేస్తాదో?"

"నీ ఇంట్లో లేసేదానికంటే పరవాలేదులే."

సుందరమూర్తి తాగని గ్లాసును బల్లమీద పెట్టేశాడు. టీ చల్లారిపోయింది.

ఎవరింట్లోనో అతనికి తెలుసు. ఉత్తరాన మంచు కురిసే చిన్న ఊళ్లో హాల్వర్సన్ అనే పెద్దావిడ ఉంది. ఆవిడ రోజు ఎప్పుడూ నెల చివరనే పడుతుంది. సెలవొస్తే చాలు, జారిపోతుంది. లారీవాళ్ల కోసం ఆవిడ పేరు పక్కన ఒక మాట ఉండేది: వెనక తలుపు దగ్గర పెట్టండి, కుక్క మొరుగుతుంది గానీ కరవదు. కొన్నేళ్లకు ఆ మాట మారింది: కుక్క ముసలిదైంది, మొరగదు కూడా. ఆ తర్వాత ఒక చలికాలంలో: కుక్క లేదు, బెల్లు కొట్టండి. ఆ రోజు సుందరమూర్తి అన్నం సగంలో వదిలేశాడు. ఆ వెనక తలుపు ఏ రంగో, మెట్లెన్నో, ఒక్కసారి చూస్తే బాగుండునని అతనికి ఎప్పుడూ ఉండేది. ఎవరితో అన్నా నవ్వుతారు.

మధ్యాహ్నం మారిసెల్ తెరమీదికి వచ్చింది. ఆమె వెనక ఎక్కడో కోడి కూస్తోంది. అడిగినవన్నీ తప్పు లేకుండా చేసి చూపించి, చివరికి కుర్చీలో వెనక్కి వాలింది.

"అయిపోయినట్టే కదా సార్. నాకు చెప్పాల్సింది ఇంకేమైనా ఉందా?"

సుందరమూర్తి మౌస్ మీద చెయ్యి పెట్టి కూర్చుండిపోయాడు. లేదు అంటే చాలు. రెండు నెలలకో మూడు నెలలకో ఫోను మోగుతుంది. మళ్లీ ఈ గేటు, ఈ కుర్చీ, ఈ తెర. ఆ ఫోను మోగాలని ప్రాణం ఎంత కొట్టుకుంటోందో అతనికే తెలుసు. కొట్టంలో వేలాడే పలుపు కళ్లముందు ఊగింది.

ఈ పని నేర్పిన డెన్నిస్ గుర్తొచ్చాడు. అమెరికాలో పెద్దాయన. ఆఖరి రోజు కాల్ ముగించబోతూ ఆగి, "ఇది చెప్పమని నన్నెవరూ అడగలేదు" అంటూ నెలాఖరు సంగతి విప్పాడు. ఆయన వెనక గోడ మీద ఫొటోలు లేవు, ఉత్త మేకులే ఉన్నాయి. ఫొటోలు ఎందుకు తీసేశాడో అప్పుడు కొత్త ఉద్యోగపు సంబరంలో ఉన్న సుందరమూర్తికి తోచలేదు.

ఇప్పుడు అతని వెనకా ఖాళీ అలమరే కనిపిస్తూ ఉంటుంది, మారిసెల్‌కి.

"ఒకటుంది," అన్నాడు. హాల్వర్సన్ పేరు కొట్టి తెరమీద చూపించాడు. "ప్రతి నెలాఖరునా ముందు ఈవిడ జాబితాలో ఉందో లేదో చూడు. ఈవిడ లేదంటే ఇంకొందరు కూడా జారినట్టే."

అంతా విన్నాక మారిసెల్ అడిగింది. "ప్రతి నెలా మీరే పెట్టేవారా?"

"నాకు ముందు డెన్నిస్ అని ఒకాయన. తర్వాత నేను."

"ఆవిడ ఎలా ఉంటారు సార్?"

"తెలియదమ్మా. కుక్క ఉండేది."

ఆమె నవ్వలేదు. ఆ పేరును చిన్న కాగితం మీద రాసుకుని తన తెర అంచుకు అంటించుకుంది. అటుపక్క కోడి మళ్లీ కూసింది. తెర నల్లబడింది. అందులో అతని ముఖం, మెడలో తాడు కనిపించాయి.

లాప్‌టాప్ అప్పజెప్పి కింది గేటు దగ్గరికి వచ్చేసరికి ఎండ వాలింది. సెక్యూరిటీ ఆరోగ్యసామి కుర్చీలోంచి లేచాడు. రోజూ లేవడు.

"కార్డు ఇచ్చేసి పోవాలట సార్."

సుందరమూర్తి కొక్కెం విప్పి కార్డు అతని చేతిలో పెట్టాడు. తాడును మడిచి జేబులో వేసుకున్నాడు.

"తాడు కూడా సార్."

"పాతదయ్యా. దీన్నెవరు వేసుకుంటారు?"

"ఎవరూ వేసుకోరు సార్." ఆరోగ్యసామి అతని ముఖంలోకి చూడలేకపోయాడు. "అయినా ఇక్కడే ఉండాలట. తాడు కంపెనీది."

సుందరమూర్తి జేబులో చెయ్యి పెట్టాడు. ఎద్దు ఎవరో, అమ్మింది ఎవరో పొద్దుటినుంచీ తాను తిరగేసి అనుకుంటున్నట్టు అప్పుడు తెలిసింది. పలుపు ఉంచుకునేది కంపెనీ, పోతున్న ఎద్దు తను. నవ్వొచ్చింది. అమ్మకు చెబితే ఆమె నవ్వదు. తాడు తీసి ఇచ్చేశాడు.

బండి మీద కూర్చున్నాక చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి పోయింది. చర్మం మీద గాలి కొత్తగా తగిలింది. బండి తిప్పుతూ ఒక్కసారి వెనక్కి చూశాడు. గాజు కిటికీ లోపల, గోడకున్న మేకుకు ఆ నీలం తాడు వేలాడుతోంది. ఫ్యాను గాలికి ఊగుతున్నా, మెడ పట్టిన చోట వంపు మాత్రం విడలేదు.