సకినాల మొక్కలకు తల్లి పోసింది

కోడలికి మేలు చేయబోయి గోపమ్మ మొక్కల ప్రాణం మీదికి తెచ్చింది.

కోడలు అఖిల అజీజ్‌నగర్‌లో ఒక రిసార్టులో పనిచేస్తుంది. అక్కడ పారేయబోయిన పిలకల్ని తెచ్చి, పగిలిన కప్పుల్లో, పెరుగు డబ్బాల్లో నాటి, వంటింటి కిటికీ గట్టు మీద పెంచుకుంటోంది. దళసరి ఆకుల బుజ్జి మొక్కలు. వాటి పేరు సక్యులెంట్లట. గోపమ్మ నోరు అంత దూరం తిరగదు. సకినాల మొక్కలంటుంది.

నిరుడు వానల్లో గోపమ్మ వాకిట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కన్నకొడుకు గోవర్ధన్ దవాఖానలో చేర్పించి, పండ్లు కొనిచ్చి, చేతులు దులుపుకున్నాడు. లేపి కూర్చోబెట్టినా, స్నానం చేయించినా, మలమూత్రాలు ఎత్తిపోసినా అంతా అఖిలే. ఒక్కనాడూ ముఖం చిట్లించలేదు. ఆ రుణం గోపమ్మ గుండెలో బరువుగా ఉండిపోయింది. చెబుదామంటే మాట పెగలదు. కోడలికి థ్యాంక్స్ చెప్పిన అత్తను తమ ఊరు కనకమామిడిలో ఎవరైనా చూశారా?

అందుకే, దొంతన్‌పల్లిలో చిన్నమ్మ కూతురి పెళ్లికని అఖిల బయల్దేరగానే గోపమ్మ కొంగు బిగించింది. కిటికీ నీడలో ఆ మొక్కలు పాలిపోతున్నాయని ఆమెకు ఎప్పటినుంచో అనుమానం. ఎండ తగలని మొక్క కూడా ఒక మొక్కేనా? కప్పులూ డబ్బాలూ అన్నీ మోసుకెళ్లి స్లాబు మీద పేర్చింది. మే నెల ఎండ నిప్పులు చెరుగుతోంది. కోడలు వచ్చేసరికి ఏపుగా పెరిగి ఉంటాయని తనలో తానే మురిసిపోయింది.

మర్నాడు సాయంత్రం ఎక్కి చూసింది. ఆకుల నిండా తెల్లటి మచ్చలు, అక్కడక్కడా గోధుమరంగు పొక్కులు.

“అయ్యో, తల్లి పోసిందిరా!” అని కేక పెట్టింది.

“మొక్కలకు తల్లి పోసుడేందే అవ్వా?” అన్నాడు గోవర్ధన్.

“మనుషులకు పోస్తలేదా? గీటికేం తక్వ?”

ఇక ఆమెను ఆపేదెవరు? మొక్కల్ని కిందికి దించి వెనక వరండాలో నీడ పట్టున పెట్టింది. చుట్టూ వేపమండలు పేర్చింది, పసుపునీళ్లు చిలకరించింది. ఇంట్లో తల్లి, అంటే అమ్మవారు, ఉండగా పోపు వేయకూడదని పట్టుబట్టింది. పోపు లేని పప్పుచారు మింగలేక గోవర్ధన్‌కు ఏడుపొక్కటే తక్కువ. గోపమ్మ మాత్రం పొద్దున లేస్తూనే ఆ మచ్చల్ని చూసి, ఏ ముఖం పెట్టుకుని కోడలి ఎదుట నిలబడాలా అని కుమిలిపోయేది. ఆ ఇంట్లో అఖిల తనవి అనుకున్నది ఆ మొక్కల్నే.

అఖిల రానే వచ్చింది. కిటికీ గట్టు బోసిగా కనిపించేసరికి, వెతుక్కుంటూ వరండాలోకి వెళ్లింది. వేపమండల మధ్య మొక్కల్ని చూసి అలాగే నిలబడిపోయింది.

“నేనే జేసిన బిడ్డా.” గోపమ్మ ముందుకొచ్చి ఒప్పుకుంది. “ఎండ తగిలితే మంచిగైతయనుకున్న. తల్లి పోసింది. నువ్వు నాకు అంత సేవ జేస్తివి, నేను నీకు గిట్ల జేస్తి.”

అఖిల ఒక కప్పు ఎత్తి చూసింది.

“తల్లి కాదత్తమ్మా, ఎండకు కాలినయి. నీడల పెరిగినయి గదా, ఒక్కసారే ఎండల పెడితే తట్టుకోవు. రోజింత అలవాటు చెయ్యాలె. ఈ మచ్చలు పోవు గని, నడుమ కొత్త ఆకు మంచిగనే వస్తున్నది. నువ్వు మల్ల నీడకు తెచ్చినవు గాబట్టే బతికినయి.”

గోపమ్మకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఆ ఊపులోనే, ఇన్నాళ్లూ గొంతులో ఆగిన మాట కూడా బయటపడింది. “నిరుడు నువ్వు లేకుంటే నేను మంచంలనే పోతుంటి బిడ్డా. నీ మేలు మర్వ.”

 అఖిల ఒక వేపాకు తెంపి వేళ్ల మధ్య నలిపింది.

“చిన్నప్పుడు నాకు తల్లి పోసినప్పుడు హాస్టల్ల ఉన్న,” అంది. “అందరికి అంటుకుంటదని సామాన్ల రూంల ఒక్కదాన్నే పండబెట్టిండ్రు. ఒక్క యాపమండ పెట్టెటోళ్లు గూడ లేకుండె.” కళ్లు తుడుచుకుని నవ్వింది. “మొక్కలకే ఇంత జేసినవు. ఇగ నాకేమన్నయితే ఫికరెందుకు అత్తమ్మా?”

“నీకేమైతది? గట్ల అనొద్దు!” అని గోపమ్మ కసిరింది. కసురుతూనే కోడల్ని దగ్గరికి లాక్కుంది.